మందు బిళ్లలో పిండి ఎందుకు? మాత్రల్లో వాడే స్టార్చ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పదిహేడేళ్లుగా మాత్రల తయారీలో ఉన్నాను. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్లాంటులో గ్రాన్యులేషన్ గదిలో (మందు పొడిని రవ్వగా చేసే చోట) మొదలుపెట్టి, ఇప్పుడు ఫార్ములేషన్ పని, అంటే మాత్రలో ఏ దినుసు ఎంత వేయాలో తేల్చే పని చూస్తున్నాను. పెళ్లికో పండక్కో ఊరెళితే చుట్టాలు మందుల గురించి అడగకుండా వదలరు. మా పెద్దత్తయ్య అయితే ప్రతిసారీ ఇదే మాట: "ఏరా, గోలీల్లో మందు తక్కువ, పిండి ఎక్కువట గదా?" ఆ మాట విన్నప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పాలనిపిస్తుంది. ఆ పిండి సరిగ్గా లేకపోతే మింగిన మందు ఒంటికి పట్టదు మరి. ఇన్నేళ్లలో నన్ను అడిగిన ప్రశ్నలు, నేను చెప్పిన జవాబులు ఇవి.

మాత్రలో నిజంగానే పిండి కలుపుతారా?

చాలా మాత్రల్లో కలుపుతారు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. "పారాసిటమాల్ ఐపీ 500 మి.గ్రా." అని ఉంటుంది (ఐపీ అంటే ఇండియన్ ఫార్మకోపియా, మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం). దాని కింద చిన్న అక్షరాల్లో "ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్." అని కనిపిస్తుంది. క్యూ.ఎస్. అనేది ఒక లాటిన్ మాటకు పొట్టిరూపం. వంటల పుస్తకంలో "ఉప్పు తగినంత" అంటారే, అదే అర్థం. మందు కాకుండా మాత్రలో ఉండే మిగతా దినుసులన్నీ ఆ ఎక్సిపియెంట్స్ కిందికే వస్తాయి. బాగా పాతవాటిలో, ఎక్కువగా వాడేవాటిలో స్టార్చ్ ఒకటి. మా పెద్దత్తయ్య చెప్పే పిండి అదే.

మందు ఒక్కటే నొక్కి బిళ్ల చేయొచ్చు కదా?

థైరాయిడ్ మాత్రనే తీసుకోండి. 50 మైక్రోగ్రాముల మాత్రలో అసలు మందు మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు. అంటే దాదాపు ఒక ఉప్పు రేణువంత. దాన్ని వేలితో పట్టుకోలేం, స్ట్రిప్‌లో పెట్టలేం, పెద్దవాళ్ల కంటికి ఆనదు కూడా. చేతికి అందే సైజు రావాలంటే ఏదో ఒకటి నింపాలి.

పారాసిటమాల్ సంగతి వేరు. అక్కడ మందే 500 మిల్లీగ్రాములు, కాబట్టి నింపాల్సింది పెద్దగా లేదు. కానీ ఆ పొడికి అతుక్కునే గుణం తక్కువ. ఒట్టి పొడిని మెషీన్‌లో నొక్కితే బిళ్ల పైభాగం టోపీ ఊడినట్టు ఊడి వస్తుంది. మేం దాన్ని క్యాపింగ్ అంటాం. దాన్ని కలిపి పట్టుకోవడానికి ఒక జిగురు కావాలి.

ఇక మూడో అవసరం ఉంది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. అంత గట్టిగా నొక్కిన బిళ్ల కడుపులోకి వెళ్లగానే మళ్లీ విడిపోవాలి. లారీలో వందల కిలోమీటర్లు కుదుపులకు చెక్కుచెదరకుండా రావాలి, గ్లాసెడు నీళ్లు తగలగానే విచ్చుకోవాలి. ఒకదానికొకటి ఎదురు నిలిచే ఈ రెండు కోరికలనూ ఒకే బిళ్లలో తీర్చడమే మా పని మొత్తం. నింపడం, అతికించడం, విడగొట్టడం, ఈ మూడు పనులూ చేయగల దినుసులు చాలా తక్కువ. స్టార్చ్ అలాంటిది.

ఏ మొక్కల నుంచి తీస్తారు?

ముఖ్యంగా మొక్కజొన్న, బంగాళాదుంప. తర్వాత కర్రపెండలం, గోధుమ, బియ్యం, బఠానీ. వంటింట్లో మంచూరియాకి వాడే కార్న్‌ఫ్లోర్ తెలుసు కదా, అది మొక్కజొన్న స్టార్చే. వేళ్ల మధ్య నలిపితే కిచకిచలాడే ఆ తెల్లటి పొడి మొక్కజొన్న పిండి కాదు, గింజలోంచి విడదీసిన స్టార్చ్ మాత్రమే.

మొక్కజొన్న గింజల్ని కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన 50 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు రోజులు నానబెడతారు. గింజ మెత్తబడ్డాక మొలక భాగాన్ని విడదీసి నూనెకి పంపుతారు. పొట్టు, మాంసకృత్తులు పశువుల దాణాకి పోతాయి. మిగిలిన పాలలాంటి నీళ్లని కడిగి, ఆరబెడితే స్టార్చ్ వస్తుంది. వంద కిలోల మొక్కజొన్న నుంచి సుమారు 60 నుంచి 65 కిలోలు దొరుకుతుంది. తెలంగాణ, ఆంధ్ర రెండు చోట్లా మొక్కజొన్న బాగా పండుతుంది. కర్రపెండలం అంటే గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులు నడిచేది ఆ దుంప మీదే.

మొక్కని బట్టి రేణువు మారుతుంది. బియ్యం స్టార్చ్ రేణువులు అన్నిటికన్నా చిన్నవి, చాలావరకు 10 మైక్రాన్ల లోపే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బంగాళాదుంప రేణువులు 100 మైక్రాన్ల దాకా ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే బంగాళాదుంప రేణువు ఆల్చిప్పలా, వరసగా వలయాలు గీసినట్టు ఉంటుంది. మొదటిసారి చూసిన రోజు నేను కాసేపు కళ్లు తీయలేదు.

మరి "మోడిఫైడ్ స్టార్చ్" అంటే ఏంటి? మామూలు స్టార్చ్ చాలదా?

చెంచాడు కార్న్‌ఫ్లోర్‌ని చన్నీళ్లలో కలపండి. కలిపినంతసేపు పాలలా ఉంటుంది. వదిలేస్తే ఐదు నిమిషాల్లో అడుగుకి చేరుతుంది. రేణువు లోపల స్టార్చ్ గొలుసులు (గ్లూకోజ్ ముక్కలు ఒకదానికొకటి తగులుకుని ఏర్పడినవి) బిగుతుగా పేర్చి ఉంటాయి, చన్నీళ్లు వాటిని కదిలించలేవు. అదే పొయ్యి మీద పెడితే, మొక్కజొన్న స్టార్చ్ అయితే 60 డిగ్రీలు దాటాక, రేణువులు ఉబ్బి పగిలి గంజి అవుతాయి.

మాత్రల తయారీలో మామూలు స్టార్చ్‌తో రెండు తలనొప్పులు. ఒకటి, అది సాఫీగా జారదు. బిళ్లలు నొక్కే కంప్రెషన్ మెషీన్‌లో పొడి పైనుంచి ధారగా డైలోకి, అంటే అచ్చులోకి పడాలి. స్టార్చ్ ఎక్కువైతే మధ్యలో ఆగుతుంది, బిళ్లల బరువు ఒకలా రాదు. రెండు, నొక్కినప్పుడు రబ్బరులా అణిగి మళ్లీ పొంగుతుంది, బిళ్ల గట్టిపడదు.

అందుకే దాన్ని కొంచెం మారుస్తారు. అన్నిటికన్నా తేలికైన మార్పు ముందే ఉడికించి ఆరబెట్టడం. బియ్యానికీ అటుకులకీ ఉన్న తేడా గుర్తు తెచ్చుకోండి. బియ్యం చన్నీళ్లలో గంట నానినా అన్నం కాదు. అటుకులు తడిపితే చాలు, మెత్తబడతాయి, ఎందుకంటే వాటికి వేడి ముందే తగిలింది. ప్రీజెలటినైజ్డ్ స్టార్చ్ అంటే అదే. పూర్తిగా ఉడికించినది ఒక రకం, సగం ఉడికించినది ఇంకో రకం. మా పనిలో సగం ఉడికినదే ఎక్కువ మన్నన పొందింది. దానిలో రేణువులు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి, కొన్ని పగిలి జిగురునిస్తాయి. పగిలినవి అతికిస్తాయి, పగలనివి నీళ్లు పీల్చి విడగొడతాయి. కలర్‌కాన్ సంస్థ "స్టార్చ్ 1500" పేరుతో అమ్మేది ఈ రకమే, మా రంగంలో అందరికీ తెలిసిన పేరు.

ఇంకో దారి రసాయన మార్పు. స్టార్చ్ గొలుసులకు చిన్న చిన్న రసాయన గుంపులు తగిలించడం, గొలుసుల మధ్య వంతెనలు కట్టడం. బిళ్లని వేగంగా విడగొట్టే సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ అలా తయారవుతుంది, దాని సంగతి కింద చెబుతాను. బఠానీ స్టార్చ్‌ని ఇలాగే మార్చి మాత్ర మీద పూతకి వాడతారు.

మోడిఫైడ్ అంటే జన్యుమార్పిడి పంటా?

కాదు. ఇక్కడ మార్చేది స్టార్చ్‌ని, మొక్కని కాదు. మన దేశంలో జన్యుమార్పిడి మొక్కజొన్న సాగుకి అనుమతి లేదు కూడా. దిగుమతి సరుకు ఏ పంట నుంచి వచ్చిందో తెలియాలంటే కంపెనీలు సరఫరాదారు దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటాయి.

స్టార్చ్ పేస్ట్ అంటారే, అది గంజేనా?

గంజే. మా అమ్మ కాటన్ చీరలకి పెట్టే గంజికీ దానికీ పద్ధతిలో తేడా లేదు. స్టార్చ్‌ని ముందు చన్నీళ్లలో కలుపుకుని, మరిగే నీళ్లలో సన్నగా పోస్తూ కలియబెట్టాలి. ఉండ కట్టకూడదు. తెలుపు పోయి, అద్దంలా నిగనిగలాడే జిగురు రావాలి. దాన్ని మందు పొడిలో పోసి, రవ్వలా చేసి, ఆరబెట్టి, జల్లించి, ఆ తర్వాత బిళ్లలు నొక్కుతారు.

నా ఉద్యోగం కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో జరిగింది చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో ఆవిరి ప్రెషర్ పడిపోయి, నీళ్లు సరిగ్గా మరగలేదు. పేస్ట్ ఇంకా పాలరంగులోనే ఉంది. నాకు అనుమానం వచ్చింది. కానీ బ్యాచ్ ఆలస్యమవుతుందని టెన్షన్, పైవాళ్లని లేపి అడగడానికి మొహమాటం. పోసేశాం. పొద్దున కంప్రెషన్ మొదలయ్యాక ట్రే నిండా టోపీలు ఊడిన బిళ్లలే. ఒక్కో బిళ్లని బొటనవేలితో తోస్తే పైపొర జారిపోయింది. ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. పేస్ట్ రంగు మారేదాకా పొయ్యకూడదని ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ కొత్త పిల్లలకి మొదటిరోజే చూపిస్తాను, కెటిల్ దగ్గర నిలబెట్టి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పేస్ట్ ఎక్కువైనా, చిక్కనైనా రవ్వ రాయిలా గట్టిపడుతుంది. బిళ్ల చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నీళ్లలో మాత్రం ఎంతకీ విడదు.

సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ ప్రత్యేకత ఏంటి?

సబ్జా గింజలు నీళ్లలో వేస్తే ఎలా ఉబ్బుతాయో ఊహించుకోండి. ఈ పొడి అంతకన్నా చాలా వేగంగా నీళ్లు లాక్కుంటుంది. నీళ్లలో దాని ఘనపరిమాణం 300 రెట్ల దాకా పెరుగుతుందని మా రంగం పుస్తకాల్లో ఉంటుంది. బిళ్ల లోపల అక్కడక్కడా ఉన్న ఈ రేణువులు నీళ్లు తగలగానే నాలుగువైపులా తోసుకుంటాయి, బిళ్ల లోపలి నుంచే పగులుతుంది. ఎక్కువగా బంగాళాదుంప స్టార్చ్ నుంచి చేస్తారు. గొలుసులోని గ్లూకోజ్ ముక్కల్లో సుమారు నాలుగింట ఒకదానికి కార్బాక్సీమిథైల్ గుంపు తగిలిస్తారు, అది నీళ్లని పిలుస్తుంది. గొలుసుల మధ్య కట్టిన వంతెనలు రేణువు కరిగి జిగురు కాకుండా ఆపుతాయి. ఈ రెండూ సరిపాళ్లలో ఉండాలి.

మామూలు స్టార్చ్‌తో ఇదే పని చేయించాలంటే మాత్ర బరువులో 5 నుంచి 15 శాతం దాకా కావాలి. ఇది 2 నుంచి 8 శాతం, చాలాసార్లు 4 శాతం చాలు. మరీ ఎక్కువ వేస్తే పని చెడుతుంది, బిళ్ల చుట్టూ బంకలాంటి పొర కట్టి నీళ్లని లోపలికి పోనివ్వదు. మేం తరచుగా సగం రవ్వ చేసేటప్పుడే కలిపి, మిగతా సగం ఆరిన రవ్వకి పైనుంచి కలుపుతాం. పైనున్నది బిళ్లని రవ్వగా విడగొడుతుంది, లోపలున్నది రవ్వని పొడిగా విడగొడుతుంది.

ఎంతసేపట్లో విడిపోవాలన్న లెక్క ఉందా?

ఉంది. ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం పూత లేని మామూలు మాత్ర 37 డిగ్రీల నీళ్లలో 15 నిమిషాల్లో విడిపోవాలి. ఫిల్మ్ పూత ఉంటే 30 నిమిషాలు, పంచదార పూత ఉంటే 60 నిమిషాలు. నీళ్లలో కలుపుకుని తాగే మాత్రకి 3 నిమిషాలే. ఆరు గాజు గొట్టాల్లో ఆరు బిళ్లలు వేసి, అడుగున జల్లెడ ఉన్న ఆ బుట్టని నీళ్లలో నిమిషానికి 30 సార్లు పైకీ కిందికీ ఆడిస్తారు. ఈ పరీక్షని మేం డీటీ (డిసింటిగ్రేషన్ టెస్ట్, అంటే విడిపోయే పరీక్ష) అంటాం. ఆరో బిళ్ల కూడా జల్లెడ దాటేదాకా గాజు గొట్టాల వైపు చూస్తూ నిలబడటం మాకు అలవాటే.

ఇంట్లో చూడొచ్చా?

పూత లేని పారాసిటమాల్ మాత్ర ఒకటి గోరువెచ్చని నీళ్లలో వేసి చూడండి. మొదట అంచు పొంగుతుంది. సన్నటి పగుళ్లు పడతాయి, గాలిబుడగలు పైకి వస్తాయి. తర్వాత పొరలు పొరలుగా రాలి అడుగున తెల్లటి కుప్ప అవుతుంది. ఇది విడిపోవడమే, కరగడం దీని తర్వాత జరుగుతుంది. ఆ కుప్పలోని మందు కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతుంది. కడుపులో జరిగేదీ ఇంచుమించు ఇదే, అలా కరిగిన మందే రక్తంలోకి వెళ్తుంది.

ఆ కుప్ప మీద నీళ్లు కలిపిన బెటడిన్ (గాయాలకి పూసే అయోడిన్ మందు) ఒక చుక్క వేస్తే ముదురు నీలం రావచ్చు. స్టార్చ్ ఉందనడానికి అది గుర్తు. విటమిన్ సి ఉన్న మాత్రలో ఆ రంగు రాదు, వచ్చినా పోతుంది, ఎందుకంటే విటమిన్ సి అయోడిన్ రంగుని చంపేస్తుంది. పరీక్ష చేసిన మాత్రని మింగొద్దు, పిల్లలకి అందకుండా పారేయండి.

నీలం వస్తే అది నకిలీ మందు అన్నమాటా?

ఎంతమాత్రం కాదు. దీని గురించి వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూస్తే నాకు బాధేస్తుంది. బీపీ మాత్రలు నీలంగా మారాయని ఆపేసిన ఒక పెద్దాయనని నాకు తెలుసు. అసలైన మాత్రలోనూ స్టార్చ్ ఉంటుంది, నీలం వస్తుంది. మందు ఉందో లేదో అయోడిన్ చెప్పలేదు, దానికి ల్యాబ్ పరీక్ష కావాలి. అనుమానం ఉంటే బిల్లు, స్ట్రిప్ దాచిపెట్టి మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు ఇవ్వండి. వాడే మందు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆపొద్దు.

నాకు షుగర్ ఉంది. ఈ పిండి వల్ల పెరుగుతుందా?

ఒక మాత్రలో ఉండే స్టార్చ్ మిల్లీగ్రాముల్లోనే. 100 మిల్లీగ్రాములు ఉన్నా అరక్యాలరీ కూడా రాదు. ఒక ఇడ్లీలో పిండిపదార్థం గ్రాముల లెక్కన ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది పంచదార వేసిన దగ్గు సిరప్‌ల దగ్గర.

బీపీ ఉన్నవాళ్లకి సోడియం సంగతి?

సోడియం స్టార్చ్ గ్లైకోలేట్‌లో సోడియం సుమారు 3, 4 శాతం. మాత్రలో అది 20 మిల్లీగ్రాములు ఉంటే సోడియం ఒక మిల్లీగ్రాము లోపే. నీళ్లలో బుసబుస పొంగే మాత్రలు వేరు. వాటిలో సోడాఉప్పు వందల మిల్లీగ్రాములు ఉంటుంది, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వాటి గురించి డాక్టర్ని అడగాలి.

గ్లూటెన్ పడదు. ఏం చేయాలి?

మొక్కజొన్న, బంగాళాదుంప, కర్రపెండలం, బియ్యం స్టార్చ్‌లలో సీలియాక్ జబ్బుని (గ్లూటెన్ తగిలితే పేగు దెబ్బతినే జబ్బు) రేపే గ్లూటెన్ ఉండదు. గ్లూటెన్ అంటే గోధుమ మాంసకృత్తి. "కార్న్ గ్లూటెన్" అన్న మాట విని కొందరు భయపడతారు, అది మొక్కజొన్న మాంసకృత్తికి వ్యాపారంలో వాడే పేరు. చూసుకోవాల్సింది గోధుమ స్టార్చ్ ఒక్కటే. బాగా శుద్ధి చేసినదాంట్లోనూ గ్లూటెన్ కొద్దిగా మిగలొచ్చు. మన స్ట్రిప్‌ల మీద స్టార్చ్ ఏ మొక్కదో సాధారణంగా రాయరు. స్ట్రిప్ మీదున్న కంపెనీ చిరునామాకి మెయిల్ పెట్టి అడగండి, అడిగే హక్కు మీకుంది. ఇది స్ట్రిప్ మీదే రాసి ఉండాలని నా గట్టి అభిప్రాయం. రోజూ మందు మింగేవాళ్లకి అందులో ఏముందో తెలియాలి.

మేం శాకాహారులం. పరవాలేదా?

స్టార్చ్ పూర్తిగా మొక్కలదే. పాల పదార్థం పడనివాళ్లకి లాక్టోజ్ (పాల చక్కెర) బదులు స్టార్చ్‌తో నింపిన మాత్ర మంచిది కూడా. జంతువుల నుంచి వచ్చే అవకాశం ఉన్నవి క్యాప్సూల్ తొడుగుకి వాడే జెలటిన్, కొన్నిసార్లు మెగ్నీషియం స్టియరేట్ (పొడి మెషీన్‌కి అంటుకోకుండా వేసేది).

ఈ దినుసులు మందు కావు కదా, ఏది వాడినా ఒకటే కదా?

1968లో ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో చూడండి. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ క్యాప్సూల్‌లో నింపడానికి వేసే కాల్షియం సల్ఫేట్‌ని తీసి లాక్టోజ్ వేశారు. మందు మోతాదు మారలేదు. కానీ రోగుల రక్తంలో మందు మోతాదు మించిపోయి, తూలడం మొదలైంది. పాత దినుసు మందుని కొంత పట్టి ఉంచేది, కొత్తది వదిలేసింది. "పనిచేయని దినుసు" అని పేరు పెట్టినంత మాత్రాన అది ఊరికే కూర్చోదు. స్టార్చ్‌కీ ఇలాంటి గుణాలున్నాయి. సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ కొన్ని క్షార గుణమున్న మందుల్ని పట్టుకుంటుంది. మామూలు స్టార్చ్‌లో తేమ పది శాతం పైనే ఉంటుంది, తేమకి చెడే ఆస్పిరిన్ లాంటి మందుకి అది శత్రువు. పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వెనిగర్ వాసన వస్తుందే, అది తేమ చేసిన పనే. అలాంటి మందులకి తేమ బాగా తగ్గించిన స్టార్చ్ వాడతారు.

థైరాయిడ్, మూర్ఛ మందులు వాడేవాళ్లని ఒకే కంపెనీ మాత్రకి అంటిపెట్టుకోమని డాక్టర్లు చెప్పేది ఇలాంటి తేడాల వల్లే. మార్చాల్సి వస్తే చెప్పి మార్చండి.

కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ స్టార్చే మాత్రల్లో వాడొచ్చా?

మొక్క ఒకటే అయినా వాడకూడదు. మందుల గ్రేడుకి సల్ఫర్ డయాక్సైడ్, ఇనుము, తేమ, సూక్ష్మజీవులు అన్నిటికీ హద్దులు ఉంటాయి. ఈ.కోలై బ్యాక్టీరియా కనిపిస్తే సరుకు మొత్తం వెనక్కే.

స్ట్రిప్ నుంచి తీసి డబ్బాలో పోసిపెట్టుకుంటే?

వారానికి సరిపడా తీసిపెట్టుకోవడం వరకు చాలా మాత్రలకి పరవాలేదు. నెలలకి సరిపడా వద్దు. నీళ్లు తగిలితే ఉబ్బడమే మాత్రలోని స్టార్చ్ రేణువుల పని కదా, గాలిలో తేమకి కూడా ఆ పని నెమ్మదిగా మొదలుపెడతాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో విప్పి ఉంచిన బిళ్ల మెత్తబడుతుంది, పైన చిన్న బొడిపెలు లేస్తాయి. అలాంటిది కడుపులో సరిగ్గా విడుతుందన్న నమ్మకం లేదు. వంటగదిలో పొయ్యి పక్కనా, బాత్రూమ్ అల్మారాలోనూ మందులు పెట్టకండి. సీసాలో వచ్చే చిన్న సిలికా పొట్లాన్ని పారేయకండి.

షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ మాత్ర మలంలో అలాగే కనిపించింది. విడిపోలేదా?

అది విడిపోకూడదనే చేసిన మాత్ర. ఎస్ఆర్ అంటే మందుని నెమ్మదిగా వదిలేది. అందులో సెల్యులోజ్ రకం జిగురు మందుని గంటల తరబడి కొద్దికొద్దిగా వదిలి, చివరికి ఖాళీ డొల్లగా బయటికి వస్తుంది. అలాంటి మాత్రల్ని విరగ్గొట్టినా, నమిలినా మందు అంతా ఒక్కసారి వచ్చేస్తుంది.

పసిపిల్లలకి ఇచ్చే జింక్ మాత్ర చెంచాలోనే కరిగిపోతుంది. అదెలా?

విరేచనాలప్పుడు ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు ఇచ్చే జింక్ మాత్ర నాకు చాలా ఇష్టమైన మాత్ర. ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకి 10 మిల్లీగ్రాములు. చెంచాలో మాత్ర పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లో తల్లిపాలో పోస్తే నిమిషం లోపే మెత్తగా విడిపోవాలి, గొంతులో పలుకులు అడ్డుపడకూడదు. ఇలాంటి మాత్రల్లో సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ లాంటి వేగంగా విడగొట్టే దినుసులు వేస్తారు. చెంచాని గట్టిగా నొక్కి నలపక్కర్లేదు, నీళ్లు పోసి కాస్త ఆగి, నెమ్మదిగా తిప్పితే చాలు. కలిపాక వెంటనే పట్టించండి. అడుగున కొంచెం మిగిలితే ఇంకో నాలుగు చుక్కలు పోసి అది కూడా పట్టేయండి, మందు ఉండేది ఆ అడుగునే.